గంటకింత గురువు

పాఠానికి లెక్క ఉంది. పాఠం వెనకాల పనికి లెక్క లేదు. రెగ్యులర్ పోస్టుల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తూ మన యూనివర్సిటీలను నడిపిస్తున్న గెస్టు, కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకుల కథ ఇది.

ఏ యూనివర్సిటీ డిపార్ట్‌మెంటుకు వెళ్లినా గుమ్మం పక్కన నోటీసు బోర్డు, దాని మీద టైంటేబుల్ కనిపిస్తాయి. సోమవారం తొమ్మిదిన్నరకు ఎమ్మెస్సీ మొదటి సెమిస్టర్. ఆ గడిలో పేపర్ పేరు, దాని కింద పాఠం చెప్పేవారి పేరులోంచి తీసిన రెండు మూడు పొడి అక్షరాలు. ఆ అక్షరాల వెనక ఎవరు పర్మనెంటో, ఎవరు కాదో పిల్లలకు పెద్దగా తెలియదు. వాళ్లకు అందరూ సార్లే, అందరూ మేడంలే. తేడా ఒకటో తారీఖున బయటపడుతుంది. కొందరి ఫోన్లకు జీతం పడ్డట్టు మెసేజ్ వస్తుంది. మిగతావాళ్లు రెండు నెలల కిందటి బిల్లు ఏ సెక్షన్లో ఆగిందో కనుక్కోవడానికి పరిపాలనా భవనం మెట్లెక్కుతారు.

ఈ రెండో రకం వాళ్లకు పేర్లకేం తక్కువ లేదు. కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్, పార్ట్‌టైమ్ లెక్చరర్, గెస్ట్ ఫ్యాకల్టీ, అవర్లీ బేస్డ్. రాయలసీమ వర్సిటీల్లో అకడమిక్ కన్సల్టెంట్ అన్న మాట ఎక్కువగా వినిపిస్తుంది. కన్సల్టెంట్ అంటే ఏదో పెద్ద కంపెనీకి సలహాలిచ్చే మనిషనుకుంటారు ఊళ్లో చుట్టాలు. పేరు మారితే జీతం మారుతుంది, సెలవులు మారతాయి, స్టాఫ్ రూములో కుర్చీ కూడా మారొచ్చు. సిలబస్ మాత్రం మారదు. ప్రశ్నపత్రం ఒకటే, పరీక్ష తేదీ ఒకటే.

పదహారు గంటలు, వాటి వెనక ఇరవై నాలుగు

ముందు లెక్క చూద్దాం. ఈ విషయంలో ఆవేశాలకు కొదవ లేదు, లెక్క వేసేవాళ్లే తక్కువ.

యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు నేరుగా పాఠం చెప్పాలి. అయితే అదే నిబంధనల్లో అతని పూర్తి పని వారానికి 40 గంటలుగా, ఏడాదికి 30 వారాలుగా రాశారు. మిగిలిన 24 గంటలు ఎక్కడికి పోయాయి? పాఠం తయారీకి, ల్యాబ్ సర్దడానికి, ఇంటర్నల్ పేపర్లు దిద్దడానికి, ప్రాజెక్టు పిల్లల రాతలు చూడటానికి, పరిశోధనకు, డిపార్ట్‌మెంటు ఫైళ్లకు. అంటే గంట పాఠం వెనక గంటన్నర వేరే పని ఉంటుందని యూజీసీయే కాగితం మీద ఒప్పుకుంది.

ఇప్పుడు గెస్ట్ ఫ్యాకల్టీ దగ్గరికి రండి. 2019 జనవరిలో యూజీసీ వాళ్ల రేటు పెంచింది. పాఠానికి 1,500 రూపాయలు, నెలకు ఎంత చెప్పినా 50,000 దాటకూడదు. అంతకు ముందు పాఠానికి 1,000, నెలకు 25,000 ఉండేది కాబట్టి అప్పట్లో అందరూ సంతోషించారు. కానీ రెగ్యులర్ వాళ్లలాగే వారానికి 16 పాఠాలు చెప్పే గెస్టుకు నెలకు 64 పాఠాలవుతాయి. రేటు ప్రకారం 96,000 రావాలి. 50,000 దగ్గర మీటర్ ఆగిపోతుంది. ముప్పై అయిదో పాఠం నుంచి చెప్పేదంతా ఉచితం. అలా చూస్తే పాఠానికి పడేది 781 రూపాయలు. వెనకాల పని కూడా కలిపి వారానికి 40 గంటలు లెక్కేస్తే గంటకు 312. పక్క కుర్చీలో అదే పని చేసే కొత్త రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనమే 57,700. దాని మీద డీఏ, ఇంటి అద్దె వేరే.

ఈ 50,000 పరిమితిని తప్పించుకోవడానికి వర్సిటీలు కనిపెట్టిన ఉపాయం ఒకటుంది. ఒక పోస్టు పనిని ఇద్దరు గెస్టులకు చెరిసగం పంచుతారు. ఇద్దరికీ ఎనిమిదేసి పాఠాలు. ఉచితంగా చెప్పించుకున్నారన్న మాట రాదు. ఆ ఇద్దరిలో ఎవరికీ పూర్తి బతుకు దొరకదు, అంతే. మధ్యాహ్నం ఇంకో ప్రైవేటు కాలేజీకి బస్సెక్కుతారు.

పైగా ఇది యూజీసీ చెప్పిన రేటు. చెప్పినంత మాత్రాన రాష్ట్ర వర్సిటీలో అమలు కావాలని లేదు. రాష్ట్ర ప్రభుత్వమో, పాలకమండలో ఒప్పుకోవాలి. చాలాచోట్ల ఈ డబ్బు వర్సిటీ తన సొంత ఆదాయంలోంచే ఇచ్చుకోవాలి కాబట్టి పరీక్ష ఫీజులు వసూలయ్యే నెల, కాని నెల అన్న తేడా కూడా వస్తుంది. ఒక మెట్టు కిందకు దిగితే ఇంకా పలచబడుతుంది. తెలంగాణ ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో గెస్టు లెక్చరర్‌కు పీరియడ్‌కు 390 రూపాయలు, నెలకు 72 పీరియడ్ల పరిమితి. మొత్తం 28,080. పీహెచ్‌డీ చేసి వర్సిటీలో చోటు దొరకనివాళ్లు అక్కడా కనిపిస్తారు.

ఇందులో ఒక తమాషా కూడా ఉంది. నవ్వొచ్చే తమాషా మాత్రం కాదు. నెట్ పాసై జేఆర్‌ఎఫ్ తెచ్చుకున్న విద్యార్థికి 2023 జనవరి నుంచి నెలకు 37,000 ఫెలోషిప్ వస్తోంది. రెండేళ్లయ్యాక అది 42,000. అంటే పరిశోధన చేస్తున్నంత కాలం అతని చేతిలో డబ్బుంటుంది. పీహెచ్‌డీ పట్టా చేతికొచ్చి, పేరు ముందు డాక్టర్ చేరి, అదే డిపార్ట్‌మెంట్లో గెస్టుగా చేరిన నెల నుంచి, యూజీసీ రేటు అమలు కాని చోట, ఆదాయం తగ్గుతుంది. ఇంట్లో పెద్దవాళ్లకు దీన్ని ఎలా చెప్పాలో తెలియక చాలామంది చెప్పడమే మానేశారు.

బిల్లు పెట్టడం అనే పని

ఒక జిల్లా వర్సిటీలో కెమిస్ట్రీ చెప్పే అధ్యాపకురాలు తన నెల బిల్లు చూపించారు. పేరు రాయొద్దన్నారు. ఏ ఊరో కూడా వద్దన్నారు. ఏ ఫోర్ కాగితం మీద గీతలు కొట్టిన పట్టిక. తేదీ, తరగతి, సమయం, చెప్పిన టాపిక్, హాజరైన విద్యార్థుల సంఖ్య, సంతకం. కింద హెచ్‌వోడీ సంతకానికి ఒక చోటు, ప్రిన్సిపాల్‌కు ఒక చోటు. దాని వెనక జిరాక్స్ చేసిన అటెండెన్స్ పేజీలు. ఎక్కువ పాఠాలు రాశారేమోనన్న అనుమానంతో జతచేయమనే టైంటేబుల్ కాపీ. ఇవన్నీ కలిపి గుండుసూది గుచ్చి సెక్షన్లో ఇస్తే, అక్కడి నుంచి ఫైనాన్సుకు, ఫైనాన్సు నుంచి ఆడిట్‌కు వెళ్లాలి.

ఆ నెల బిల్లులో ఒక వరుస మీద ఎర్ర గీత ఉంది.

“పద్నాలుగో తారీఖు క్లాసు కొట్టేశారండీ. ఆ రోజు యూత్ ఫెస్టివల్ ఉందట. పిల్లలు లేరు కదా మేడం, క్లాసెట్లా అయిందీ అన్నారు సెక్షన్లో. పిల్లలు ఉన్నారండీ, పదకొండు మంది. వాళ్లకు టైట్రేషన్ రాక ఆగిపోయారు. నేను ల్యాబ్ తెరిపించి చేయించాను. అటెండెన్స్ కూడా ఉంది. అయినా సరే...”

కొట్టేసిన డబ్బు గురించి ఆవిడ ఎక్కువగా బాధపడలేదు. మళ్లీ అలాంటి రోజు వస్తే ల్యాబ్ తెరిపించాలా వద్దా అని ఆలోచిస్తున్నానని మాత్రం అన్నారు.

గంట లెక్కన డబ్బిచ్చే పద్ధతి చేసే అసలు నష్టం ఆ మాటలో ఉంది. దసరా సెలవులకు డబ్బు లేదు, సంక్రాంతికి లేదు. ఎన్నికలకు క్యాంపస్ తీసుకుంటే లేదు. విద్యార్థి సంఘాలు బంద్ పిలుపిస్తే లేదు. మే నెల మొత్తం లేదు. వేసవిలో వాల్యుయేషన్ క్యాంపుకు పిలుపు వస్తే పేపరుకింత అని ఏదో దొరుకుతుంది. ఆ పిలుపు కోసం కూడా ఎవరికో ఫోన్ చేయాలి. క్లాసు అయిపోయాక ఒక విద్యార్థి వరండాలో ఆపి “సార్, ఇది అర్థం కాలేదు” అంటే ఆ పావుగంట ఏ వరుసలోకీ ఎక్కదు. సిఫార్సు ఉత్తరాలు, బ్యాక్‌లాగ్ పిల్లల కోసం చెప్పే ఒక ఆదివారం క్లాసు, వర్సిటీలకు గ్రేడ్లిచ్చే నాక్ బృందం వస్తుందంటే వారం రోజులు రాత్రి పొద్దుపోయేదాకా సర్దే ఫైళ్లు, ఇవేవీ బిల్లులో కనిపించవు. బిల్లులో లేకపోయినా ఆ పనులన్నీ జరిగిపోతున్నాయంటే అది మనుషుల మంచితనం. వర్సిటీ బడ్జెట్‌లో దానికి పద్దు లేదు.

తక్కువ జీతం తెచ్చిపెట్టే రెండో నష్టం

చదువరి ఇక్కడ ఒక మాట అనొచ్చు. సరే, ఇప్పుడు తక్కువే ఇస్తున్నారు, రేపు రెగ్యులర్ నోటిఫికేషన్ పడ్డప్పుడు ఈ అనుభవం పనికొస్తుంది కదా అని. పనికొస్తే బాగానే ఉండేది.

2018 నిబంధనల్లోనే గత సర్వీసు గురించి ఒక నిబంధన ఉంది. తాత్కాలికంగానో, కాంట్రాక్టు మీదనో చేసిన సర్వీసును నియామకానికి, ప్రమోషన్‌కు లెక్కలోకి తీసుకోవచ్చు. అందుకు కొన్ని షరతులు పెట్టారు. అర్హతలు రెగ్యులర్ పోస్టుకు తగ్గట్టే ఉండాలి. సరైన సెలక్షన్ కమిటీ ద్వారా వచ్చి ఉండాలి. ఆఖరి షరతు ఏమిటంటే, ఆ కాలంలో తీసుకున్న మొత్తం వేతనం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ నెల జీతానికి తగ్గకూడదు. షార్ట్‌లిస్టులో బోధన అనుభవానికి ఏడాదికి రెండు మార్కుల చొప్పున పది మార్కులుంటాయి. తక్కువ జీతానికి పన్నెండేళ్లు పాఠం చెప్పినవాళ్లను ఈ షరతు చూపి పక్కన పెట్టడానికి వీలుంది. జీతం తక్కువిచ్చింది వర్సిటీ, ఆ తక్కువ జీతాన్ని కారణంగా చూపి అనుభవాన్ని కొట్టేసేదీ అదే వర్సిటీ. ఇంతకంటే పకడ్బందీగా ఎవరు మాత్రం రాయగలరు!

అవే నిబంధనల్లో కాంట్రాక్టు వాళ్లకు రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ స్థూల వేతనానికి తగ్గకుండా ఇవ్వాలని కూడా ఉంది. కాంట్రాక్టు నియామకాలు మొత్తం పోస్టుల్లో 10 శాతానికి మించకూడదనీ ఉంది. గెస్టుల విషయంలో 2019 మార్గదర్శకాలు 20 శాతం పరిమితి పెట్టాయి. రెగ్యులర్ నియామకాలు ఏళ్లకేళ్లు ఆగిపోయిన వర్సిటీల్లో ఆ గీతలు ఎప్పుడో చెరిగిపోయాయి. కొన్ని కొత్త క్యాంపస్‌లలో ఒకరిద్దరు రెగ్యులర్ వాళ్లతో ఒక డిపార్ట్‌మెంటు మొత్తం నడుస్తోంది. హెచ్‌వోడీ బాధ్యత కూడా తాత్కాలికంగా ఉన్నవాళ్ల మీదే పడుతుంది. 2025 జనవరిలో యూజీసీ విడుదల చేసిన కొత్త ముసాయిదాలో ఆ 10 శాతం పరిమితి ఊసే లేదు. నియమాన్ని ఎవరూ పాటించనప్పుడు పాటించేలా చేయడం ఒక పద్ధతి, నియమాన్నే తీసేయడం ఇంకో పద్ధతి.

పరిశోధన వైపు చూస్తే అక్కడా తలుపు మూసే ఉంది. 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం గైడుగా ఉండాలంటే పర్మనెంట్ అధ్యాపకులై ఉండాలి. స్కాలర్లకు పక్కన కూర్చుని ప్రయోగం నేర్పేది తాత్కాలిక అధ్యాపకుడు, థీసిస్ అట్ట మీద పేరు ఇంకొకరిది. ఇది చాలా డిపార్ట్‌మెంట్లలో అందరికీ తెలిసిన రహస్యం.

కార్మికుడు కాదు, ఉద్యోగీ కాదు

ఒక ఫ్యాక్టరీలో ఇలా జరిగితే కార్మిక శాఖకు వెళ్లొచ్చు. అధ్యాపకుడు వెళ్లలేడు. ఉపాధ్యాయులు అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పిన ‘వర్క్‌మన్’ నిర్వచనంలోకి రారని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. బోధన అంతకంటే ఉన్నతమైన వృత్తి అన్నది ఆ తీర్పు వెనక ఉన్న భావన. ఆ గౌరవంతో పాటే ఒక రక్షణ పోయింది. సర్కారీ ఉద్యోగికి ఉండే సర్వీసు రూల్స్ వీళ్లకు వర్తించవు, కార్మికుడికి ఉండే చట్టమూ వర్తించదు.

ప్రసూతి సెలవు విషయం ఇంకా చిక్కు. చట్టం ప్రకారం 26 వారాలు. గడిచిన ఏడాదిలో 80 రోజులు పని చేసి ఉంటే చాలు. ఒప్పందం గడువు ముగిసినా ఆ ప్రయోజనం ఇవ్వాల్సిందేనని 2023 ఆగస్టులో ఢిల్లీకి చెందిన ఒక కాంట్రాక్టు డాక్టర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా గంట లెక్కన పనిచేసే అధ్యాపకురాలు సెలవు అడగడానికి జంకుతుంది. ఆమెకు సెలవు ఇవ్వబోమని ఎవరూ అనరు. వచ్చే సెమిస్టర్ టైంటేబుల్లో ఆమె అక్షరాలుండవు, అంతే. కాంట్రాక్టు పొడిగించేటప్పుడు మధ్యలో ఒక రోజు విరామం చూపే అలవాటు కూడా ఇలాంటిదే. ఢిల్లీ యూనివర్సిటీలో అడ్‌హాక్ అధ్యాపకులను 120 రోజులకు తీసుకుని, ఒక రోజు ఆపి, మళ్లీ 120 రోజులకు తీసుకోవడం ఏళ్ల తరబడి నడిచింది. ఆ ఒక్క రోజు ఉద్యోగం లేకుండా ఉంటే చాలు, సర్వీసు నిరంతరం కాదని రాసుకోవచ్చు.

రెండు తలుపులు

మన దగ్గర ఆందోళన అంటే ఎక్కువగా ఒకే నినాదం: క్రమబద్ధీకరించండి. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ వర్సిటీల కాంట్రాక్టు అధ్యాపకులు సమ్మెకు దిగినప్పుడూ ప్రధానంగా అడిగింది అదే. 2023 ఏప్రిల్ 30న కొత్త సచివాలయంలో 5,544 మంది కాంట్రాక్టు ఉద్యోగుల క్రమబద్ధీకరణ ఫైలు మీద సంతకం అయింది. జూనియర్, డిగ్రీ, పాలిటెక్నిక్ లెక్చరర్లు అందులో ఉన్నారు. వర్సిటీల వాళ్లు లేరు. పక్కింటికి కరెంటు వచ్చి తమ ఇంటికి రానివాళ్ల కోపం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. తర్వాత 2024 నవంబరులో ఆ క్రమబద్ధీకరణకు ఆధారమైన సెక్షన్‌ను హైకోర్టు కొట్టేసింది. అప్పటికే పర్మనెంట్ అయినవాళ్ల జోలికి మాత్రం వెళ్లలేదు.

కోర్టులు ఇలా అనడానికి మూలం 2006 ఏప్రిల్‌లో వచ్చిన ఉమాదేవి తీర్పు. నియామక పద్ధతి తప్పించి వచ్చినవాళ్లకు శాశ్వత ఉద్యోగం హక్కుగా రాదని ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. ఇందులో న్యాయం లేదనలేం. ఇవాళ పీహెచ్‌డీ ముగించిన ఇరవై తొమ్మిదేళ్ల అమ్మాయికి, రోస్టర్‌లో తన వంతు కోసం చూస్తున్న ఎస్సీ, ఎస్టీ అభ్యర్థికి బహిరంగ నోటిఫికేషన్ ఒక్కటే దారి. వాళ్లకు మైకు లేదు, టెంటు లేదు. కాబట్టి వాళ్ల మాట వినపడదు.

కానీ ఉద్యోగ హక్కు వేరు, చేసిన పనికి జీతం హక్కు వేరు. సుప్రీంకోర్టు ఆ రెండో తలుపు తెరిచే ఉంచింది. 2016 అక్టోబరులో పంజాబ్ ప్రభుత్వానికీ జగ్‌జీత్ సింగ్‌కూ మధ్య నడిచిన కేసులో, ఒకే పని చేసే తాత్కాలిక ఉద్యోగికి రెగ్యులర్ స్కేలులో కనీస వేతనం ఇవ్వాలని చెప్పింది. 2025 ఆగస్టు 22న గుజరాత్ ప్రభుత్వ ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ కాలేజీల కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్ల కేసులో ఇదే సూత్రాన్ని నేరుగా అధ్యాపకులకు వర్తింపజేసింది. వాళ్లకు అప్పట్లో ఇచ్చింది నెలకు 30,000. అదే పని చేసే రెగ్యులర్ వాళ్లకు లక్ష దాటేది. సభల్లో గురువును బ్రహ్మ, విష్ణువు అంటూ శ్లోకాలు చదివితే సరిపోదని జస్టిస్ పి.ఎస్. నరసింహ, జస్టిస్ జయమాల్య బాగ్చీల ధర్మాసనం వ్యాఖ్యానించింది.

నా అభిప్రాయం ఇదీ. మన సంఘాలు జీతాన్ని కూడా క్రమబద్ధీకరణ గుంజకే కట్టేశాయి. పర్మనెంట్ అయితే అన్నీ వస్తాయి, కాకపోతే ఏదీ రాదు అన్నట్టు కొట్లాడుతున్నారు. ప్రభుత్వాలకు ఇది భలే సౌకర్యం. పర్మనెంట్ చేయడానికి కోర్టులు అడ్డం అని చేతులెత్తేస్తాయి, జీతం మాట ఎవరూ అడగరు. నోటిఫికేషన్ రేపు పడినా, పదేళ్ల తర్వాత పడినా, ఆ పోస్టు ఎవరికొచ్చినా, ఈ నెల చెప్పిన పాఠానికి ఈ నెలే సరైన డబ్బు రావాలి. ముందు అడగాల్సింది అది.

బయటి దేశాల్లో

మన ఇళ్లల్లో అమెరికా వెళ్లే పిల్లల దగ్గర వినపడే మొదటి ప్రశ్న “టీఏ దొరికిందా?” అని. విద్యార్థి వీసా మీద తరగతులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని చేయొచ్చు. టీచింగ్ అసిస్టెంట్ పని దొరికితే చాలాసార్లు ఫీజు కూడా తగ్గుతుంది. ఆ పిల్లలు చేసేది ఇక్కడి గెస్టులు చేసే పనే. చిన్న తరగతులు, ల్యాబ్‌లు, పేపర్లు దిద్దడం. 2022 నవంబరు 14న కాలిఫోర్నియా యూనివర్సిటీ క్యాంపస్‌లలో టీఏలు, ట్యూటర్లు, పరిశోధకులు కలిపి 48,000 మంది సమ్మెకు దిగారు. డిసెంబరు చివరికి ఒప్పందం కుదిరింది. టీఏ కనీస వేతనం ఏడాదికి సుమారు 23,000 డాలర్ల నుంచి రెండేళ్లలో 34,000కు చేరేలా రాసుకున్నారు.

మనకు ఇంకా దగ్గరగా అనిపించేది ఆస్ట్రేలియా కథ. అక్కడి వర్సిటీల్లో క్యాజువల్ ట్యూటర్లకు పేపర్లు దిద్దడానికి గంటకు ఇన్ని పదాలు అని ఒక కొలత పెట్టి, దాని ప్రకారం డబ్బు ఇచ్చేవారు. నిజంగా పట్టిన సమయంతో పని లేదు. మెల్‌బోర్న్ యూనివర్సిటీ 2024 డిసెంబరులో 25,000 మందికి పైగా సిబ్బందికి బకాయిపడ్డ 7.2 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు తిరిగి చెల్లిస్తామని ప్రభుత్వ వేతన పర్యవేక్షణ సంస్థకు రాతపూర్వకంగా ఒప్పుకుంది. కొలతను వదిలి, పట్టిన గంటలను లెక్కించడంతో బయటపడిన సొమ్ము కూడా అందులో ఉంది. మన వర్సిటీల్లో ఆ లెక్క ఎవరైనా వేస్తే ఎంత తేలుతుందో.

బ్రిటన్‌లో ఓపెన్ యూనివర్సిటీ మొదటి నుంచీ ట్యూటర్ల మీద నడిచే సంస్థ. 1971లో తొలి విద్యార్థులు చేరినప్పటి నుంచి ఊరూరా పార్ట్‌టైమ్ ట్యూటర్లే దానికి చేతులూ కాళ్లూ. సంఘంతో ఏళ్ల తరబడి మాట్లాడాక 2022లో అక్కడి నాలుగు వేలకు పైగా ట్యూటర్లకు శాశ్వత ఒప్పందాలు ఇచ్చారు. మన అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో పుట్టింది, దేశంలో ఆ తరహాలో మొదటిది. దాని స్టడీ సెంటర్లలోనూ పాఠాలు ఎక్కువగా ఆదివారాలే. ఏ ఆదివారం చూసినా ఏదో ఒక డిగ్రీ కాలేజీ గదిలో ఒక కౌన్సెలర్ తరగతి లెక్కన పాఠం చెబుతూ ఉంటారు.

ఏం చేస్తే కదులుతుంది

చేయాల్సిన వాటిలో చాలా వాటికి కొత్త చట్టం అక్కర్లేదు. ఏడాది మొత్తానికి ఒప్పందం రాయడం, వేసవిని కూడా కలపడం. జీతం ఒకటో తారీఖునే బ్యాంకులో వేయడం. ఇందుకు కావలసిందల్లా నెలనెలా బిల్లు పెట్టే పద్ధతిని ఎత్తేయడమే. పీఎఫ్ కట్టడం. పేపర్లు దిద్దిన గంటలను, ప్రాజెక్టు పని గంటలను టైంటేబుల్లోనే చూపించడం. లైబ్రరీ, ల్యాబ్, పత్రికల ఆన్‌లైన్ యాక్సెస్ ఒప్పందం ఉన్నంత కాలం ఉంచడం. చివరిదానికి రూపాయి ఖర్చు లేదు. అయినా సెమిస్టర్ ముగిసిన మర్నాడు ఐడీ ఆగిపోయే చోట్లు ఉన్నాయి.

డబ్బు మాత్రం ఊరికే రాదు. రాష్ట్ర ప్రభుత్వాలు వర్సిటీలకు ఇచ్చే బ్లాక్ గ్రాంటు జీతాలకు, పెన్షన్లకే చాలదు. ఖాళీ పోస్టు ఖాళీగా ఉన్నంత కాలం ఖజానాకు లాభమే. వీసీలు వేసుకునే లెక్క కూడా అదే. వాళ్లను తప్పుపట్టి ప్రయోజనం లేదు. సచివాలయంలో ఆర్థిక శాఖ ఒప్పుకోకపోతే ఏ పాలకమండలి తీర్మానమూ బీరువా దాటదు.

ఇక కోర్టు దారి. గుజరాత్ తీర్పు ఇక్కడి వాళ్లకూ ఆధారం కావచ్చు. అందులో గమనించాల్సిన మాట ఒకటుంది. బకాయిలు 8 శాతం వడ్డీతో ఇవ్వమన్న కోర్టు, వాటిని పిటిషన్ వేసిన తేదీకి మూడేళ్ల వెనక్కి మాత్రమే లెక్కించింది. అంతకు ముందు ఎన్నేళ్లు చెప్పినా ఆ డబ్బు పోయినట్టే. ఆగిన కొద్దీ నష్టం పెరుగుతుంది. పిటిషన్‌కు లాయరు మొదట అడిగేది అపాయింట్‌మెంట్ ఆర్డర్. నేను కలిసిన గెస్టుల్లో చాలామందికి అది లేదు. సెమిస్టర్ మొదట్లో హెచ్‌వోడీ ఫోన్ చేసి రమ్మంటారు, వీళ్లు వెళ్లి పాఠం మొదలుపెడతారు.